కోవ్ రేవులో గోంగూర క్యారియర్

కిందటి వేసవిలో గుంటూరు నుంచి మా అక్కాబావలు విహార ఓడలో యూరప్ రేవులు చూడటానికి వచ్చారు. ఓడ ఐర్లాండ్‌లోని కోవ్ రేవులో ఒక పూట ఆగుతుందంటే, మేముండే డబ్లిన్ నుంచి గోంగూర పచ్చడి, అన్నం పట్టుకెళ్లాను. బావగారు టూరు బస్సెక్కారు. అక్కకు కొండ మీది చర్చి, రంగురంగుల ఇళ్లు నేనే చూపించాలనుకున్నాను.

"చూద్దాంలేవే, ముందు క్యారియర్ తియ్యి" అంది అక్క.

చిన్నప్పటిలాగే తను కలిపి నా చేతిలో ముద్దలు పెడుతుంటే, రేవు బెంచీ మీదే కబుర్లలో పడిపోయాం. ఉన్నట్టుండి ఓడ కూత వేసింది. ఎంగిలి చేతులతోనే పరుగెత్తాం. గేటు మూయబోతున్న ఐరిష్ పెద్దాయన అక్క చెయ్యి చూసి నవ్వి, "యూ ఆర్ గ్రాండ్, లవ్" (ఏం ఫర్వాలేదులే తల్లీ) అంటూ లోపలికి పంపాడు.

మీవాళ్లు ఓడలో వస్తే ముందు ఊరు చూపించండి. నేను మాత్రం, అక్క మళ్లీ వచ్చినా ముందు క్యారియరే తీస్తాను.