గోల్లో ఒక్కరికే చోటు

మా ఆడపడుచు జీతానికి ఫుట్‌బాల్ ఆడేది. గోల్‌కీపర్. పోయి ఏడాది కావస్తోంది. మైదానంలో ఆమెను చూసినవాళ్ళు పేపర్లో ఏవేవో రాశారు. నేను ఇంట్లో చూసింది రాస్తున్నాను.

నేను కాపురానికి వచ్చేసరికి తను చిన్నపిల్ల. అత్తగారు అప్పటికే లేరు. జడ వేసింది, అన్నం పెట్టింది నేనే. వీధిలో మగపిల్లలు ఆటలోకి రానివ్వక, "కావాలంటే గోల్లో నిలబడు" అన్నారట. అక్కడ నిలబడడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఇది నిలబడింది, ఇక కదల్లేదు. బంతి చేతులకు అంటుకుపోతుందని 'జిగురు' అని పేరు పెట్టారు.

"పొయ్యి మీద పాలు పొంగితే ఆపలేవు గానీ, ఊరందరి బంతులూ ఆపుతావు" అనేదాన్ని.

"పాలు ఎటు పొంగుతాయో ముందే తెలుసు కదా వదినా, అందులో మజా ఏముంది?" అనేది.

క్లబ్బులో చేరాక చాలా ఏళ్ళు బెంచీ మీదే కూర్చుంది. మిగతావాళ్ళు అలిసిపోతే మనిషిని మారుస్తారు. గోల్‌కీపర్‌ని ఊరికే మార్చరు. రెండో గోల్‌కీపర్ వారమంతా ప్రాక్టీసులో బురదలో పొర్లి, తీరా ఆట రోజున మడత నలగని చొక్కాతో ఇంటికొస్తుంది. ఆ శుభ్రమైన చొక్కా తడపడానికి నాకు మనసొప్పేది కాదు.

ఒకసారి మొదటి గోల్‌కీపర్‌కి వేలు విరిగింది. పాపం, దాచకుండా డాక్టరుకి చూపించుకుంది. ఆమె కట్టు విప్పేలోగా మా పిల్ల పాతుకుపోయింది. వేలు నయమైనా ఆమె చోటు ఆమెకు రాలేదు. కొన్నాళ్ళు కూర్చుని, క్లబ్బు మానేసింది.

"మా చెల్లికి అదృష్టం కలిసొచ్చింది" అన్నారు మా ఆయన భోజనాల దగ్గర.

"అదృష్టం కాదన్నయ్యా, ఆవిడ వేలు" అంది. "నాకు విరిగితే మాత్రం చచ్చినా చెప్పను."

అందరం నవ్వాం.

ఆమె తర్వాత రెండో గోల్‌కీపర్‌గా ఒక చిన్నపిల్ల వచ్చింది. పొడుగ్గా తాటిచెట్టులా ఉన్నా అందరూ 'బుడ్డి' అనేవాళ్ళు. మా ఇంట్లోనే తిని తిరిగేది. పోయిన ఏడాది ప్రాక్టీసులో మా పిల్ల దూకి, గోల్ ఇనుప స్తంభానికి తల కొట్టుకుంది. గోల్‌కీపర్లు మైదానంలో ఓ మూల విడిగా ప్రాక్టీసు చేస్తారు. కోచ్ అప్పుడు దూరంగా బంతులు ఏరుతున్నాడు. బుడ్డి ఒక్కతే చూసింది.

"అక్కా, వాంతి చేసుకున్నావు. డాక్టరుకి చెబుదాం."

"చెబితే? నన్ను కూర్చోబెట్టి నిన్ను నిలబెడతారు. అందుకేనా ఇంత ప్రేమ?"

ఆ మాటతో బుడ్డి ఇక ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చి నాతో ఎండదెబ్బ అంది. మజ్జిగ తాగి, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పడుకుంది. ఆ వారమే ఆటలో బంతి కోసం పడినప్పుడు ఎదుటి పిల్ల మోకాలు తలకి తగిలింది. పెద్ద దెబ్బేం కాదన్నారు చూసినవాళ్ళు. మళ్ళీ లేవలేదు. ఆసుపత్రిలో కన్ను తెరవలేదు.

అంతా అయ్యాక బుడ్డి నా వంటింట్లో గోడకి చేరగిలబడి ఈ సంగతంతా చెప్పింది.

"నేను చెబితే చోటు కోసం చెప్పానంటారని ఊరుకున్నాను వదినగారూ."

"ఎవరంటారే?"

"అక్కే అంది కదా."

దాన్ని తిట్టడానికి నోరు రాలేదు. కంచం పెడితే తినలేదు.

తర్వాత క్లబ్బు సెక్రటరీ పరామర్శకి వచ్చాడు. ప్రాక్టీసులో తగిలిన దెబ్బ సంగతి, అది మానకముందే రెండోది తగిలి ప్రాణం తీసిన సంగతి అతనికీ తెలిసింది. కుర్చీ అంచున కూర్చుని, "ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రోజే ఆటలోంచి తప్పించేవాళ్ళం కదమ్మా" అన్నాడు.

"అందుకే చెప్పలేదు నాయనా" అన్నాను.

అతను వెళ్తూ వెళ్తూ, వచ్చే ఆటకి ముందు అందరూ మౌనంగా నిలబడతారని, మమ్మల్ని కూడా రమ్మని చెప్పాడు. మా ఆయన రానన్నారు. నేను వెళ్ళాను. నిలబడ్డారు, కూర్చున్నారు, ఈల మోగింది. గోల్లో బుడ్డి. మొదటి బంతికే అడ్డంగా దూకి పట్టుకుంది. జనం చప్పట్లు కొట్టారు. అది లేచి, ఎవరివైపూ చూడకుండా బంతి దూరంగా తన్నింది.