వంద వాట్ల దీపం చెప్పని సంగతి

పటమటలో ఒక డాక్టరుగారింట్లో జరిగిన ప్రమాదం గురించి మా వృత్తివాళ్ళలో పాతవాళ్ళు ఇప్పటికీ ఒకటే మాట చెబుతారు: సాంబయ్య మేస్త్రి ఎర్త్ సరిగ్గా వేయలేదని. ఆ మాట తప్పు. ఎర్త్ గొయ్యి దగ్గర నిలబడింది నేను. పరీక్ష చేసింది, బాగుందని చెప్పింది కూడా నేనే. మేస్త్రిగారు నా మాట నమ్మి సంతకం చేశారు. ఆయన పోయి చాలాకాలమైంది. జరిగింది జరిగినట్టు చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి ఇది రాస్తున్నాను.

1974 నవంబరులో మేస్త్రిగారు ఆ ఇంటి వైరింగ్ పని నాకు అప్పగించారు. నాకు ఇరవై ఆరేళ్ళు, వైర్‌మన్ పర్మిట్ వచ్చి మూడేళ్ళు. మా పనిలో హెల్పరు, వైర్‌మన్, ఆపైన సూపర్‌వైజరు. పని ఎవరు చేసినా, కనెక్షన్ కోసం కరెంటాఫీసుకిచ్చే టెస్ట్ రిపోర్టు మీద సూపర్‌వైజరు సంతకం ఉండాలి. సాంబయ్య మేస్త్రిగారు అనుభవం మీద ఆ సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి. చదివింది అయిదో తరగతి. నేను ఎస్సెస్సెల్సీ. పైగా రోజూ సాయంత్రం గవర్నర్‌పేట గ్రంథాలయంలో ఇంగ్లీషు ఎలక్ట్రికల్ పుస్తకం ఒకవైపు, నిఘంటువు ఒకవైపు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఓమ్ సూత్రం, సిరీస్, పారలల్, అన్నీ నోటుబుక్కులోకి ఎక్కించేవాణ్ణి. మరుసటేడు సూపర్‌వైజరు పరీక్షకు కూర్చోవాలని నా తొందర. మేస్త్రిగారు నన్ను రత్నం అని పిలిచింది తక్కువ, పంతులూ అని పిలిచింది ఎక్కువ.

ఆ ఇల్లు బందరు కాలవకు దగ్గర. ఎర్త్ అంటే ఇంట్లోని ఇనప వస్తువులన్నిటినీ ఒక తీగతో కలిపి భూమిలోకి దింపడం. ఫ్రిజ్‌లోనో ఫ్యాన్‌లోనో కరెంటు లీకై బాడీలోకి వస్తే అది మనిషి గుండా కాకుండా ఆ తీగ గుండా నేలలోకి పోవాలి. అందుకు ఎనిమిదడుగుల గొట్టం నిలువుగా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేస్తాం. ఆ రోజు మేస్త్రిగారు ఆటోనగర్‌లో ఒక షెడ్డు పని మీద ఉన్నారు. గొయ్యి తవ్వుతున్న పోలయ్య నాలుగడుగులకే పలుగు పక్కన పెట్టాడు. ఊట ఉబికి వస్తోంది.

"నీళ్ళొచ్చేసినయ్యి. ఇంకా తవ్వితే బావి అవుద్ది," అన్నాడు.

మా డెల్టాలో ఎవరైనా అదే అంటారు. నీరు తగిలిందంటే గొయ్యి పూర్తయినట్టే. ఎర్త్‌కు కావలసింది తడి అని పుస్తకంలో నేనూ చదివాను. గొట్టాన్ని అయిదడుగులకు కోయించి పాతించాను. తర్వాత అందరూ చేసే పరీక్షే చేశాను: కరెంటొచ్చే ఫేజ్ తీగకూ ఎర్త్‌కూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టడం. బల్బు బాగా వెలిగితే ఎర్త్ బాగున్నట్టు. ఎర్త్ టెస్టర్ అనే యంత్రం మాలాంటి చిన్నవాళ్ళ దగ్గర ఉండేది కాదు. బల్బు కళ్ళు చెదిరేలా వెలిగింది. మేస్త్రిగారికి చెప్పాను, ఆయన సంతకం చేశారు.

డాక్టర్ శకుంతలగారు సంక్రాంతి లోపే ఆ ఇంట్లోకి మారారు. మందులు పాడవకుండా క్లినిక్‌లోని పాత ఫ్రిజ్ తెచ్చి వంటింట్లో పెట్టుకున్నారు.

ఏప్రిల్లో ఏటా చేసినట్టే మరమ్మతుల కోసం కాలవలకు నీళ్ళు కట్టేశారు. ఆ నెలాఖరున డాక్టరుగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. వంటమనిషి మంగమ్మ చేతులు జివ్వుమంటున్నాయని రెండు వారాలుగా చెబుతోందట. డాక్టరుగారు ఆమె చేతులు పరీక్షించి, నరాల బలహీనత అని బి-కాంప్లెక్స్ మాత్రలిచ్చారు. మాత్రలు అయిపోయినా జివ్వుమనడం తగ్గకపోవడంతో, కరెంటేమోనని నన్ను పిలిపించారు.

నేను ఫ్రిజ్ ముట్టుకున్నాను, ఏమీ లేదు. టేబుల్ ఫ్యాన్ బాడీ మీద స్క్రూడ్రైవర్ టెస్టర్ పెడితే లోపలి చిన్న దీపం మినుకుమంది. పక్క తీగల ప్రభావంతో, అంటే ఇండక్షన్ వల్ల, టెస్టర్ ఊరికే కూడా మినుకుమంటుందని, భయం లేదని చెప్పి ఫ్యాన్ తీగ మార్చి వచ్చేశాను. నా కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయన్న సంగతి నాకు తట్టలేదు. డాక్టరుగారూ ఇంట్లో చెప్పులతోనే తిరిగేవారు. వట్టికాళ్ళతో, తడి నేల మీద నిలబడేది మంగమ్మ ఒక్కతే.

నాలుగు రోజులకు ఆమె ఫ్రిజ్ పిడి పట్టుకుని విసిరేసినట్టు వెనక్కి పడింది. మోచెయ్యి విరిగింది. డాక్టరుగారు కట్టు కట్టి, అదే రోజు కరెంటాఫీసుకు ఫిర్యాదు రాశారు. టెస్ట్ రిపోర్టు మీద సంతకం ఎవరిదో వాళ్ళకే నోటీసు వస్తుంది. వారం రోజుల్లో సంజాయిషీ చెప్పాలి, లేకపోతే సర్టిఫికెట్ రద్దుకు సిఫారసు చేస్తామని సాంబయ్యగారికి నోటీసొచ్చింది.

ఆ వారం నేను కుదురుగా కూర్చున్నది లేదు. పొద్దున్నే సైకిలెక్కి పటమట, అక్కణ్ణుంచి మేస్త్రిగారిల్లు, సాయంత్రం గ్రంథాలయం, మళ్ళీ పొద్దున్నే పటమట. అన్నం ముందు కూర్చుంటే వైరింగ్ పటం కంచంలో కనబడేది. దారిలో ఒకచోట ఆగి నోటుబుక్కు తీసి చూసుకుని, రెండు వీధులు దాటాక మళ్ళీ ఆగేవాణ్ణి.

డాక్టరుగారింట్లో ప్లగ్గులన్నీ ఒక్కొక్కటే పీకి చూశాను. ఒకసారి టెస్టర్ వెలుగుతుంది, ఒకసారి వెలగదు. చేతికి కట్టుతో గడప మీద కూర్చున్న మంగమ్మ కాసేపు చూసి అడిగింది.

"నువ్వు చెప్పులిప్పి పట్టుకున్నావా బాబూ?"

లేదన్నాను.

"మరి నీకేం తెలుస్తదీ. అది గుర్రుమన్నప్పుడే లాగుద్ది. ఊరుకున్నప్పుడు లాగదు. నేను మాత్రలు మింగినా అంతే, మింగకపోయినా అంతే."

ఫ్రిజ్‌లో చల్లదనం చాలినప్పుడు మోటారు దానంతటదే ఆగిపోతుంది. నేను ముట్టుకున్న ప్రతిసారీ కాళ్ళకు చెప్పులున్నాయి, అది నడుస్తోందో ఆగి ఉందో గమనించలేదు. గుర్రుమనేదాకా ఆగి, చెప్పులు విప్పి, వేలి వెనకభాగంతో తాకాను. చెయ్యి భుజందాకా జలదరించింది. మోటారు లోపలి తీగచుట్టలో లీకుంది. ఎర్త్ తీగ అన్నిటినీ కలుపుతుంది గనక అదే కరెంటు ఫ్యాన్ బాడీ మీదికీ వచ్చింది. ఫ్రిజ్ ప్లగ్గు పీకితే ఇల్లంతా శుభ్రం.

మేస్త్రిగారికి చెబితే ఆయన ముఖం తేటపడింది.

"ఇంకేంటయ్యా పంతులూ. దోషం ఫ్రిజ్‌ది, వైరింగ్‌ది కాదు. అదే రాసిచ్చేద్దాం."

అది నిజమే. అక్కడితో ఆపితే ఆయన సర్టిఫికెట్‌కు, నా పరీక్షకు ఏ ఢోకా లేదు. కానీ నాకు మనసు నిలవలేదు. ఫ్రిజ్ లీకైతే లీకవనీ, అందుకే కదా ఎర్త్ వేసింది. ఆ కరెంటు నేలలోకి ఎందుకు పోలేదు? మళ్ళీ వెళ్ళి వంద వాట్ల బల్బు పెట్టాను. మునుపటిలాగే వెలిగింది.

ఆ సాయంత్రం గ్రంథాలయంలో ఎర్త్ గురించిన పేజీలు వదిలేసి బల్బు లెక్క వేశాను. 230 వోల్టుల మీద వంద వాట్ల బల్బు నిరోధం సుమారు 530 ఓమ్‌లు. ఎర్త్ గొయ్యి దానితో సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, ఉంటుంది. సిరీస్‌లో వోల్టేజి నిరోధాల నిష్పత్తిలో పంపకమవుతుంది. గొయ్యి నిరోధం అయిదు ఓమ్‌లైనా, అరవై ఓమ్‌లైనా బల్బుకు తగ్గేది మహా అయితే పదో వంతు. కంటికి ఆ తేడా ఆనదు. ఆ సూత్రం నా నోటుబుక్కులో మూడేళ్ళుగా ఉంది. చేతిలోని బల్బుకు దాన్ని ఒక్కసారీ అన్వయించి చూడలేదు.

మర్నాడు మేస్త్రిగారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఎర్త్ తీగను ఇంటి నుంచి విడదీశాను. గొయ్యి చుట్టుపక్కలకు ఎవరినీ రానివ్వకుండా, బల్బు బదులు వెయ్యి వాట్ల హీటరు పెట్టాను. దాని నిరోధం యాభై మూడు ఓమ్‌లే. గొయ్యి మంచిదైతే కాయిల్ నిప్పులా ఎర్రబడాలి. ఎర్రబడలేదు. వోల్టుమీటరు పెడితే హీటరు దగ్గర సగం వోల్టేజి కూడా లేదు, మిగిలినదంతా గొయ్యి మింగేస్తోంది. తవ్వించి చూస్తే గొట్టం కొసదాకా మట్టి పొడిపొడిగా రాలింది. కాలవ కట్టేశాక ఊట దిగిపోయింది, నా అయిదడుగుల గొట్టం పైనున్న పొడి మట్టిలో మిగిలిపోయింది. ఫ్రిజ్ చలికాలం నుంచీ లీకవుతూనే ఉండొచ్చు. కాలవ పారినంతకాలం ఆ తడి మంగమ్మను కాపాడింది.

మేస్త్రిగారు మట్టి చేతిలోకి తీసుకుని నలిపి పారేశారు.

"గొట్టం కోసింది నువ్వా?"

"నేనే మేస్త్రిగారూ. బల్బు వెలిగిందని మీకు చెప్పిందీ నేనే."

"ఫ్రిజ్ అని రాసుంటే అయిపోయేది గదరా."

"రేపు ఇస్త్రీపెట్టె లీకవుతుందండీ. అప్పుడు?"

ఆయన చేతులు దులుపుకున్నారు. సంతకం తనదని, సంజాయిషీ తానే చెప్పుకుంటానని, అందులో నా పేరు రానక్కర్లేదని అన్నారు. పోలయ్యను పిలిచి ఎనిమిదడుగులకు తక్కువైతే ఊరుకోనని చెప్పి వెళ్ళిపోయారు.

గొట్టం కోసింది, బాగుందని చెప్పింది నేనేనని విడిగా ఒక ఉత్తరం రాసి కరెంటాఫీసులో ఇచ్చాను. సెక్షన్ ఇంజనీరు వచ్చి కొత్త గొయ్యిని ఎర్త్ టెస్టరుతో కొలిచారు. మూడు ఓమ్‌లే వచ్చాయి. సర్టిఫికెట్ నిలిచింది గానీ, చూడకుండా సంతకం చేసినందుకు మేస్త్రిగారి రికార్డులో హెచ్చరిక పడింది. ఆ కాగితం వల్లే ఊళ్ళో ఆయన పేరు అలా నిలబడిపోయింది. నా దరఖాస్తును ఒక ఏడాది ఆపారు. మేస్త్రిగారు నన్ను పనిలోంచి తీయలేదు. అయితే ఆ తర్వాత ఏ ఎర్త్ గొయ్యి దగ్గరకూ నన్ను ఒంటరిగా పంపలేదు.

నేను నేర్చుకున్నది ఇంత: పరీక్షించే సాధనానికీ ఒక నిరోధం ఉంటుంది, దాన్నీ లెక్కలో వేయాలి. డెల్టాలో ఎర్త్‌ను కాలవ కట్టేసిన నెలలో కొలవాలి. 1976లో సూపర్‌వైజరునయ్యాక, కార్తీకంలో పాతిన ప్రతి గొయ్యినీ వేసవిలో మళ్ళీ కొలిచాకే దాని లెక్క మూశాను.

మూసేవేళ దాటినా నా లెక్క అయ్యేదాకా దీపం తీయని గ్రంథాలయ గుమాస్తా సుబ్బారావుగారికి, నా ఉత్తరాన్ని పక్కన పడేయకుండా చదివిన ఇంజనీరు రంగనాథంగారికి, మంగమ్మ చెయ్యి కుదిరేదాకా తానే వండుకుని ఆమెను పని మాన్పించని డాక్టర్ శకుంతలగారికి, ఎండిన నేలలో ఎనిమిదడుగులు తవ్విన పోలయ్యకు, ఎన్ని మాత్రలిచ్చినా తన మాట మార్చుకోని మంగమ్మకు, సాంబయ్య మేస్త్రిగారికి నా కృతజ్ఞతలు.