అభా ఇల్లు, లస్మన్న ఎగ్జిట్

సౌదీలో, అభా కొండవాలులో ఆ రాతి ఇల్లు కట్టించింది ఒక సిమెంటు వ్యాపారి. పేరు ఆయనది గానీ, గోడల్లో సగం రాళ్లు పెట్టింది నిర్మల్ నుంచి వచ్చిన మేస్త్రీ లస్మన్న. నేను అదే వీధిలో వేరే ఇంటి డ్రైవర్ని. ఆ ఇంటి సంగతులన్నీ అతని నోటే విన్నాను.

ఆ వ్యాపారి పెద్దాయన బతికి ఉన్నన్నాళ్లూ వచ్చేపోయేవాళ్లు కూర్చునే మజ్లిస్ తలుపు మూసింది లేదు. పెళ్లి మాటలు, తగవులు, అన్నీ ఆ తివాచీల మీదే. ఇంతమంది సౌదీవాళ్లకు ఉద్యోగాలివ్వాలనే నితాఖాత్ చట్టం వచ్చాక, ఆ లెక్క తప్పి కంపెనీ రెడ్‌లో పడింది, పనివాళ్లను పంపేశారు. ఇంటి పనివాడి వీసా ఆ లెక్కలోకి రాదు కాబట్టి లస్మన్నను దాని మీదికి మార్చి కాపలా పెట్టారు. తర్వాత పెద్దాయన పోయాడు. పరాయి దేశపు పనివాళ్ల మీద వేసిన లెవీల దెబ్బకు మిగిలిన దుకాణాలూ మూసి కొడుకులు రియాద్ చేరారు. ఇల్లు అమ్మకానికి పెట్టారు.

లస్మన్న దేశానికి తిరిగిపోయే ఫైనల్ ఎగ్జిట్ ముద్ర అడిగినప్పుడల్లా పెద్ద కొడుకుది ఒకటే మాట: ఇల్లు అమ్ముడుపోగానే కొట్టిస్తాను. వీసా చేతిలో ఉన్న యజమాని, కఫీల్, అతనే; అతను ఒప్పుకోనిదే దేశం దాటలేడు, ఇంకెవర్ని అడుగుతాడు? ఆ మాట నమ్మి ఈ అమాయకుడు, ఒళ్లు హూనమవుతున్నా, ఎవరూ ఉండని ఇంటికి సున్నం వేశాడు, ఊడిన రాళ్లు మళ్లీ పెట్టాడు.

"ఎవురి కోసమన్నా ఈ అగచాట్లు?" అన్నాను.

"నా కోసమే వలీ. ఇల్లు పోతెనే నేను పోత. నడుము పోయింది తమ్మీ, ఇగ నాతోని గాదు. మనుమరాలు నడుస్తున్నదట, సూడాలె."

ఇల్లు చూడవచ్చినవాళ్లు చలికి ముడుచుకుని వెళ్లిపోతుంటే, లస్మన్న పెద్దాయన పద్ధతే మళ్లీ మొదలుపెట్టాడు. మజ్లిస్ తెరిచి, తివాచీలు దులిపి, ఊదు ధూపం వేసి, ఖహ్వా కాఫీ తనే పోసేవాడు. జెద్దా నుంచి వచ్చిన హోటలు యజమాని ఆ మజ్లిస్‌లోనే బేరం కుదుర్చుకున్నాడు. ఆ రోజు లస్మన్న నవ్వగా చూశాను. ఎన్నాళ్లయిందో.

మర్నాడు పెద్ద కొడుకు ఫోన్ చేశాడు. కొన్నాయనకు ఇంటితో పాటు ఈ మనిషీ కావాలట. కఫాలా ఆయన పేరుకు మారుస్తున్నాం, ఎగ్జిట్ సంగతి ఇక ఆయన్నే అడుక్కోమన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "గోడలతో పాటు నిన్ను అమ్మేకి వాడెవుడన్నా? ఆ కొత్తాయన్ని గట్టిగా అడుగు!"

"అడిగిన."

"ఏమన్నాడు?"

లస్మన్న మెట్టు మీద కూలబడి మోకాళ్లు ఒత్తుకున్నాడు.

"తప్పక పంపుతడట తమ్మీ. ఇంటి మీద ఇంకో అంతస్తు ఎయ్యాలెనట. అది నేనే కట్టాలెనట."