పటంలో హంస

నిన్న, శుక్రవారం, జెద్దాలోని షరఫియాలో అద్దె ఇల్లు ఖాళీ చేస్తుండగా, బీరువా తలుపు లోపల నా భార్య అంటించిన ఆ ప్రసిద్ధ చిత్రం కనిపించింది: ఎర్రచీర రాకుమారి, పిట్టగోడపై ప్రియుని కబురు తెచ్చిన హంస.

చిన్నప్పుడు మా ఇంట్లోనూ అదే పటం ఉండేది. సౌదీలో ఉన్న నాన్న, సెలవుపై వచ్చేవారి చేతికి తన మాటలు నింపిన క్యాసెట్ ఇచ్చి పంపేవాడు. అమ్మ దానిని ఆ పటం కిందే కూర్చుని వినేది. రాకుమారి హంసనెక్కి ప్రియుని దగ్గరికి పోతుందని నేననుకున్నాను.

“నువ్వు గూడ ఎక్కి పోరాదే అమ్మా?”

అమ్మ కస్సుమంది: “హంస మాటలు మోస్తదిరా, మనుషులను మొయ్యదు! ఏడ్సేదాన్ని సక్కగున్నదని పటం గట్టిండ్రు, సూడు!”

ఆ కోపమెందుకో నాకు అర్థం కాలేదు. పెద్దయ్యాక నేనూ సౌదీకే పనికొచ్చాను; కానీ పట్టుబట్టి భార్యనూ కూతురినీ జెద్దాకు తెచ్చుకున్నాను. ఇప్పుడు ఇక్కడి సర్కారుకు కుటుంబంలో తలకింతని లెవీ, అదీ ఏటేటా పెంపు! కలిసి బతకడానికి సుంకమట! మూడుసార్లు లెక్క వేసినా జీతం చాలలేదు. పోయిన నెల వీసాలు రద్దు చేయించి, ఇద్దరినీ ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి పంపేశాను.

విరహాన్ని అందమని మెచ్చే ఆ బొమ్మను గోటితో గీకుతుండగా ఫోన్ మోగింది.

“మమ్ముల మళ్ల ఎప్పుడు తోల్కపోతవ్ డాడీ?”

కూతురిని కసిరాను. నాడు అమ్మ కసిరింది నన్ను కాదని అప్పుడు తెలిసింది.