క్యాలెండర్ కాగితం కింది పేజీ

బాలమ్మకు తప్పు ఒప్పుకోవడమొక్కటే చేతకాదు, మిగతావన్నీ వచ్చు. పాలమూరు నుంచి ఇసుక తట్టలు మోయడానికి వచ్చిన మనిషి మాదాపూర్ రోడ్డు పక్కన కూరగాయల దుకాణం పెట్టింది. చుట్టుపక్కల చిన్న వ్యాపారాలు చేసుకునే ఇరవై మంది ఆడవాళ్లను కూడగట్టి పొదుపు సంఘం నిలబెట్టింది. ఆదివారం ఆదివారం ఒకరి దుకాణంలో మీటింగు. ఎక్కడ కూర్చున్నారో, ఏం మాట్లాడుకున్నారో పదో తరగతి పాసైన రజిత పుస్తకంలో రాసేది.

1999 ఎండాకాలంలో గ్యాస్ సిలిండర్ పేలి ఆ వరసలో తొమ్మిది దుకాణాలు బూడిదయ్యాయి. సర్కారు అత్యవసర రుణాలిస్తానంది. అయితే దుకాణం రెండేళ్లుగా అక్కడే ఉన్నట్టు రుజువు కావాలి. లైసెన్సు అనే మాటే విననివాళ్లు రుజువెక్కడ తెస్తారు? చివరికి సంఘం పుస్తకమే దిక్కయింది.

బ్యాంకు ఆఫీసరు సోమేశ్వరరావు బాలమ్మ దుకాణం ముందు కుర్చీ వేసుకుని పేజీలు తిప్పాడు. ఒక వారం మీటింగు ఇడ్లీ బండి దగ్గర, ఇంకో వారం కుట్టుమిషన్ దగ్గర. ఎనిమిది దరఖాస్తులు గంటలో తేలిపోయాయి. తొమ్మిదోది భీమవరం నుంచి వచ్చి మెస్సు నడుపుకుంటున్న నాగేశ్వరిది. ఆమె పేరు పుస్తకంలో ఎక్కడా కనబడలేదు.

"పోనీలెండి. మళ్లీ నాలుగిళ్లలో అంట్లు తోముకుంటాను" అంది నాగేశ్వరి. ఆ గొంతులో నిష్టూరం లేకపోవడమే బాలమ్మను పొడిచింది.

ఎందుకంటే నాగేశ్వరి పేరు పుస్తకంలో ఉంది. ఒక్క పేజీలో ఉంది. ఆ పేజీ చించనివ్వనని రజిత మొండికేస్తే, బాలమ్మే మైదా జిగురు కాచి దానిమీద పాత క్యాలెండర్ కాగితం అంటించింది. రజిత ఇప్పుడు బాలమ్మ వైపే చూస్తోంది. ఇరవై మందిని ఏలే అధ్యక్షురాలికి అందరి ముందూ ఆ కాగితం ఒలవడం కన్నా పరువు తక్కువ పని ఉంటుందా? ఉంటుందని, అది నాగేశ్వరిని మళ్లీ అంట్లు తోమడానికి పంపడమని బాలమ్మకు అప్పుడే తెలిసింది. తడిగుడ్డ తెచ్చి, కాగితం అంచు తడిపి, మెల్లగా ఒలిచి పుస్తకం ఆఫీసరు చేతిలో పెట్టింది. ఆయన పైకే చదివాడు.

"12-1-97. స్థలం: నాగేశ్వరి మెస్సు. నాగేశ్వరి కొత్తగా చేరింది. అధ్యక్షురాలు బాలమ్మ తన వాయిదా ఎందుకు కట్టలేదని నాగేశ్వరి అడిగింది. అందుకు ఈ మెస్సు పప్పులో సగం నీళ్లేనని బాలమ్మ అన్నది. అందరం తిని చూశాం. పప్పు చిక్కగా ఉంది. బాలమ్మ తప్పు ఒప్పుకోవాలని తీర్మానం."

ఎవరో కిసుక్కుమన్నారు. సోమేశ్వరరావు నవ్వు ఆపుకుంటూ, మరి ఒప్పుకున్నారా అని అడిగాడు. లేదు. నాగేశ్వరి ఆ రోజే సంఘం మానేసింది. అప్పట్నుంచి ఇద్దరూ ఎదురుపడితే రోడ్డు దాటి అటు పక్కకు పోయేవారు.

"అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు చెప్తున్న" అంది బాలమ్మ. "అక్కా, నీ పప్పు మంచిగనే ఉండె. నా నోరే మంచిగ లేకుండె."

నాగేశ్వరి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సోమేశ్వరరావు దరఖాస్తులో 'ఆధారం' అన్నచోట ఆ పేజీ నంబరు వేసి సంతకం చేశాడు.

"వచ్చే ఆదివారం మీటింగు మా మెస్సులో పెట్టుకుందామండి. గోడల్లేకపోయినా పొయ్యి ఉంది" అంది నాగేశ్వరి.

ఆ ఆదివారం బూడిద ఎత్తిపోసిన నేలమీద అందరూ వరసగా కూర్చున్నారు. బాలమ్మ పప్పు మారు వేయించుకుంది. ఆ సంగతి కూడా పుస్తకంలో రాయమని రజితకు తనే చెప్పింది.