మా తరగతిలో అందరూ ఆండీలే

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేం కాదులెండి, వీడియో కాల్‌లో మొహానికి బదులు చెవి చూపిస్తూ మాట్లాడుకునే రోజులు) మా ఇంటికి ఏ కబురైనా మొదట మోసుకొచ్చేది మేతకొట్టు బాబాయే. కైకలూరులో రొయ్యల మేత అమ్మే ఆయనకు చెరువుల సంగతులతో పాటు బడుల సంగతులూ తెలిసేవి. “అమ్మాయ్, కలిదిండి దారిలో కొత్త బడి పెట్టారు. ఇంగ్లీషు టీచరు కావాలంట. నీ పేరు చెప్పేశాను, రేపు వెళ్లిపో” అన్నాడు. నేనా, విద్యార్థిగా బడి గడప తొక్కినదాన్నే కాదు. చిన్నప్పుడు ఉబ్బసమని ఇంట్లో ఉంచేస్తే, టీచరుగా రిటైరైన మా అమ్మమ్మ వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టి చదువు చెప్పింది. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి డిగ్రీ దాకా వచ్చాను. అయినా భయం వేయలేదు. ఇంగ్లీషు అమ్మమ్మ ఇచ్చింది, ధైర్యం ప్రభువిస్తాడనుకుని, ప్రార్థన చేసుకుని బస్సెక్కాను.

“మన పిల్లలు ఏ దేశం వాళ్లతోనైనా బెరుకు లేకుండా మాట్లాడాలండీ” అన్నారు అక్కడి పెద్ద మేడమ్ గారు. “రెండు వారాల్లో నార్వేలో ఒక బడితో వీడియో కాల్ ఉంది. వాళ్లదీ చేపలు పెంచే ఊరేనంట. అది బాగా జరిగితే మీరుంటారు. లేకపోతే, ఏమీ అనుకోకండేం, వేరేవాళ్లని చూసుకుంటాం.” (ఉద్యోగం పీకేస్తామని ఇంత మెత్తగా చెప్పడం మా వైపు వాళ్లకే చేతనవును.)

రెండు వారాలూ పిల్లల్ని తోమేశాను. తిన్నగా నిలబడటం, కళ్లలోకి చూడటం, అడిగినదానికి పూర్తి వాక్యంలో జవాబివ్వడం, అన్నీ వచ్చేశాయి. అమ్మమ్మ నాకు నేర్పిన మొదటి పాఠం కూడా నాకు తెలియకుండానే వాళ్లకి అంటించేశాను. “అండీ అనకుండా మాట్లాడావో, అన్నం పెట్టను” అనేది ఆవిడ.

ఆ రోజు తెర మీద తెల్లగడ్డం మాస్టారు, ఆయన వెనక పిల్లలు. మా వాళ్లలో మొదటి పిల్ల లేచి, “గుడ్ మార్నింగ్ అండీ. మై ఫాదర్ హ్యాజ్ ప్రాన్ పాండ్ అండీ” అంది. రెండోవాడు “ఐ లైక్ క్రికెట్ అండీ” అన్నాడు. ఆ ముచ్చటలో నా చెవికి తప్పేమీ ఆనలేదు. ఐదుగురయ్యాక ఆ మాస్టారు పేర్లు రాసుకోవడం ఆపి, మీ తరగతిలో అందరి పేరూ ఆండీయేనా అని ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా అడిగారు. మేడమ్ గారు నా వైపు చూశారు. నా ఉద్యోగం ఆ చూపుకి వేలాడుతోంది. గభాలున లేచి సర్దిచెప్పబోయాను.

“నో అండీ! ఆండీ ఈజ్ నాట్ నేమ్ అండీ!”

నార్వే పిల్లలు పకపకా నవ్వారు. అప్పుడు, వాగుడు ఆపదని మేమంతా రేడియో అని పిలిచే పిల్ల లేచింది. అది గౌరవమని, మాట చివర పెడతామని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. కోపం వచ్చినవాళ్లతో కూడా అంటారా అని అవతలి పిల్లాడెవరో అడిగాడు.

“ఎస్. దెన్ వుయ్ సే ఇట్ లౌడ్లీ” అంది రేడియో.

అంతే, రెండు దేశాలూ ఒక్కసారి నవ్వాయి. ఆ తర్వాత వాళ్ల చేపలేం తింటాయి, మా చెరువుల్లో నీళ్లు చిమ్మే గాలి చక్రాలెందుకు తిరుగుతాయి అంటూ అరగంట కాల్ గంట సాగింది. చివర్లో వాళ్లంతా చేతులూపుతూ “థాంక్యూ ఆండీ!” అన్నారు.

“మన పిల్లలకి నేర్పమంటే నార్వే వాళ్లకి నేర్పేశారేంటండీ!” అన్నారు మేడమ్ గారు నవ్వాపుకుంటూ. “రేపు తొమ్మిదింటికల్లా వచ్చేయండి.”

దేవుడి దయవల్ల ఇప్పటికీ అక్కడే ఉన్నాను. వారానికో దేశంతో మాట్లాడిస్తాను. ఇంగ్లీషులో ఆ మాట అక్కర్లేదని పిల్లలకి గట్టిగా చెబుతాను కూడా. కాల్ పెట్టేసేటప్పుడు మాత్రం నా నోరే జారి “బై అండీ” అంటుంది. పిల్లలు నన్ను చూసి నవ్వుతారు. ఆ నవ్వులో, గభాలున లేచిన ఆనాటి పిచ్చిపిల్ల నాకు కనబడుతుంది. దాన్ని దిద్దబుద్ధి కాదు.

మా అమ్మమ్మ ఇప్పుడు లేదు. మీరెప్పుడైనా ఎవరినైనా అండీ అని పిలిచినప్పుడు, ఆవిడను ఒక్కసారి తలుచుకోండి.