బండికి కట్లు కట్టిన వదిన

మా వదిన పోయిందని ఆళ్ళగడ్డ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను నంద్యాలలో మందుల అంగడి ముందు నిలబడి ఉన్నాను. రాత్రి పడుకున్న మనిషి తెల్లవారి లేవలేదని చెప్పింది. బీపీ మాత్రలు మరిచిపోవద్దని మొన్న గుర్తుచేసింది వదినే. అవి తీసుకొనే బస్సెక్కాను.

శిరివెళ్ల దగ్గర బస్సు కిటికీ అద్దం గలగలమనడం మొదలుపెట్టింది. అరచెయ్యి ఆనించాను. ఆగింది. తీశాను. మళ్లీ మొదలైంది. ఈ అలవాటు నాకు వదిన దగ్గర నుంచి వచ్చింది.

ఎనభైలలో ఆమె శిరివెళ్ల చుట్టుపక్కల పల్లెలకు నర్సు. నేను నంద్యాల వ్యాపారి తరఫున మిరపకాయలు, వేరుశనగ చూడడానికి ఊళ్లు తిరిగేవాణ్ని. అన్న బడిపంతులు, పగలు ఖాళీ ఉండేది కాదు. అందుకని బుధవారాలు టీకాలకు వదినను నా బండి మీద దింపేవాణ్ని. నంద్యాలలో ఎవరో వాడి అమ్మిన పాత మోటారు సైకిలు అది. వేగం అందుకుంటే హ్యాండిలు నుంచి సీటు దాకా వణికేది. దానికి తోడు ఎక్కడెక్కడివో చప్పుళ్లు.

టీకా మందు ఐసుముక్కల మధ్య ఫ్లాస్కులో వచ్చేది. దాన్ని మా ఇద్దరి మధ్య సీటు మీద నిలబెట్టేవాళ్లం. ఒడిలో పెట్టుకుంటే పట్టుకోవడానికి ఆమెకు చెయ్యి మిగలదు. దిగగానే వదిన ఫ్లాస్కును చెవి దగ్గర పెట్టుకొని మెల్లగా ఊపేది. ఒక బుధవారం లోపల పగిలిన గాజు చప్పుడైంది, దారంతా బండి వణుకుకు. ఆ మందు వెయ్యడానికి లేదు.

ఆ పల్లెలో తల్లులు అప్పటికే బడి అరుగు మీద కూర్చొని ఉన్నారు. చంటిపిల్లల ఎడమ భుజం మీద వేసే సూది అది. కొన్నాళ్లకు చిన్న పుండై, మాని, మచ్చ మిగులుతుంది. ఆ పుండుకు భయపడే వాళ్లను వదిన ఇంటింటికీ తిరిగి ఒప్పించింది. మనవణ్ని ఎత్తుకొచ్చిన ఒక పెద్దామె లేచి నిలబడింది.

"కూలి మానుకోని వచ్చినాం నర్సమ్మా. వచ్చేవారం గూడా ఇట్లే అంటే ఒగరూ రారు. నేనే రానీను."

వదిన సాకులు చెప్పలేదు. ఒక్క వారం ఆగమని అడిగింది.

ఆ బండిని అంతకుముందే నంద్యాల మెకానిక్కు రెండుమూడుసార్లు చూపించాను. ప్రతిసారీ అన్ని నట్లూ బిగించి, పాత బండి అన్నాక మాట్లాడకుండా ఎట్లుంటాదన్నా అని నవ్వేవాడు. ఆ సాయంత్రం నేనూ స్పానరు తీసుకొని కనబడిన నట్టల్లా బిగిస్తున్నాను. వదిన వాకిట్లోకి వచ్చి ఆపమంది.

"అన్నీ ఒగేసారి బిగిస్తే దేనితో తగ్గిందో యాడ తెలుస్తాది అబ్బీ? రెండు మందులు ఒగేసారి ఇయ్యను నేను. ముందు ఆ వణుకు ఎప్పుడు రాదో చెప్పు."

ఎప్పుడు వస్తుందో చెప్పగలను. ఎప్పుడు రాదో నేను గమనించలేదు.

మరుసటి రోజు నుంచి సాయంత్రాలు శిరివెళ్ల రోడ్డు మీద తిరిగాం. మొదట ఆమె తన సంచినే దింపించింది, తప్పు తనదేమో చూడమని. సగం గలగల నిజంగా అందులో సూదులు ఉడికించే డబ్బాదే. దానికి గుడ్డ చుట్టింది. తర్వాత కట్టుగుడ్డ చింపి నంబరు పలకకు కట్టింది. కొంతదూరం పోయి వచ్చాం. తేడా లేదు. విప్పి చైను మీది రేకుకు కట్టింది. ఒక్కసారి ఒక్కచోటే. దారిన ఎద్దులబండి తోలుకొస్తున్న రైతు మమ్మల్ని చూసి ఆగాడు.

"ఏందమ్మా, బండికి కాలిరిగిందా?"

"లేదప్పా, కడుపుతో ఉండాది. కదిలిచ్చకుండా తీస్కపోతాండాం."

ఆయన నవ్వు చాలా దూరం వినబడింది.

పనిముట్ల పెట్టె మూతకు కట్టినప్పుడు మిగిలిన గలగల ఆగిపోయింది. వణుకు మాత్రం పోలేదు. అది వేరు, ఇది వేరు అని వదిన మొదటి నుంచీ అంటూనే ఉంది. వేగం మీద ఉండగా క్లచ్చి పట్టమంది. పట్టి, యాక్సిలరేటరు రేజు వదిలాను. బండి అదే ఊపున పోతూనే ఉంది, వణుకు పోయింది. అంటే చక్రాలది కాదు, ఇంజను వైపుది. ఇంటికొచ్చి స్టాండు వేసి, రేజు పెంచి పట్టుకోమంది. జ్వరం చూసినట్టు చేతి వెనకవైపుతో ట్యాంకు, సీటు కింద గొట్టం, కాళ్లు పెట్టుకునే కమ్మి, వరసగా చూసుకుంటూ పోయింది. ఇంజను వేడి తగలకుండా తడిగుడ్డ అడ్డం పెట్టుకొని, ఇంజనును చట్రానికి పట్టి ఉంచే వెనక బోల్టు దగ్గర ఆగింది. ఒక వేలు ఇంజను మీద, ఒక వేలు చట్రం మీద ఉంచింది. చాలాసేపు అట్లాగే కూర్చుంది.

"ఈడ రెండూ కలిసి కదలడం లేదు. దేనిపాటికి అది కొట్టుకుంటాంది."

స్పానరు వేసి చూశాను. నట్టు గట్టిగానే ఉంది. నాకు నమ్మకం కలగలేదు. అయినా తెల్లవారి నంద్యాలకు పోయి, మెకానిక్కుకు ఆ ఒక్క చోటే చూపించి విప్పమన్నాను. బిగుతుగా ఉన్నదాన్ని విప్పడమెందుకన్నాడు. మా వదిన చెప్పిందన్నాను. విప్పి, వెలుతురుకు పట్టి చూశాడు. రంధ్రం కన్నా బోల్టు సన్నం. నడుము దగ్గర అరిగి మెరుస్తోంది. ముందు ఎవరో దొరికింది వేసి పంపారు. ఎంత బిగించినా లోపల ఆడుతూనే ఉండేది. సరైన లావుది వెతికి వేశాడు. ఒక చుట్టు తిరిగి వచ్చి, మీ వదినను ఇక్కడికి పంపరాదా అన్నాడు. ఆ మాట చెబితే ఆమె నవ్వింది. "నట్టు గట్టిగుంటే నొప్పి లేదనుకోగూడదు" అంది.

బుధవారం ఆ పల్లెకు పోయాం. అరుగు మీద అంతమంది లేరు. పెద్దామె మాత్రం మనవడితో వచ్చింది. వదిన ఫ్లాస్కు చెవి దగ్గర పెట్టుకొని ఊపింది, గాజు చప్పుడు లేదు. తర్వాత దాన్ని పెద్దామె చెవి దగ్గర కూడా పెట్టింది. ఆమె విని, కూర్చొని, పిల్లవాడి చొక్కా విప్పింది. అది చూసి ఒకామె పక్కింటి వాళ్లను పిలుచుకురావడానికి పోయింది. ఐసు కరిగేలోపు అరుగు నిండింది.

తర్వాత ఏళ్లతరబడి ఆ బండి మీదే తిరిగాం. వదిన మాత్రం ఎవరింట్లో ఏ పాత్ర చప్పుడు చేసినా చెయ్యి ఆనించేది, తీసేది, మళ్లీ ఆనించేది. కోడలు అలిగినా, పిల్లవాడు బడికి పోనన్నా అడిగేది ఒకటే మాట: ఎప్పుడు బాగుంటారు?

ఆళ్ళగడ్డలో పాస్టరు ప్రార్థన ముగిసి పెట్టెను గుంతలోకి దించాక, మన్ను పూడ్చడానికి ఆ టీకాల పల్లె నుంచి వచ్చినవాళ్లు పారలు అందుకున్నారు. అందరూ నలభైకి అటూఇటూ వాళ్లే. పెద్దామె మనవడూ వాళ్లలో ఉన్నాడు. ఎండ ఎక్కువగా ఉండి చొక్కాలు విప్పి పక్కన పెట్టారు. పార లేచినప్పుడల్లా ఎడమ భుజాల మీద గుండ్రటి చిన్న మచ్చలు చెమటకు మెరుస్తూ పైకి లేచేవి, మన్ను పడ్డాక కిందికి దిగేవి.